దేశమ్మత్త సొంత గుడ్డ

కసిమి కుండ మూత తీస్తే వచ్చే వాసనను ఇష్టపడే మనిషి ఉంటారని నేను అనుకోను. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో మూడు వారాలు పులియబెడితే కలంకారీ పనికి నల్ల సిరా తయారవుతుంది. దాన్నే మేము కసిమి అంటాం. పులిసిన బెల్లం, పాత మేకులు కలిసిన ఆ వాసన ముక్కులో నుంచి నేరుగా నుదుటికి ఎక్కుతుంది. ఈ రోజు పొద్దున కొత్త కుండ మూత తీసి, కర్రతో కలిపి, నలుపు ఎంత వచ్చిందో చూద్దామని గుడ్డముక్క మీద ఒక చుక్క వేశాను. అప్పుడే స్టాండు మీద పెట్టిన ఫోను మోగింది. చెన్నై నుంచి ఒకామె మెసేజి పెట్టింది. "ఆ పెద్దామె వీడియోలు మళ్ళీ ఎప్పుడు పెడతారు?" నెలకొకరైనా ఇదే అడుగుతారు. ముక్కులో కసిమి వాసన, ఫోనులో ఆ పెద్దామె మాట, రెండూ ఒకేసారి వచ్చేసరికి నాకు పని సాగలేదు. విసుగొచ్చి ఫోనును బోర్లా పెట్టేశాను.

ఆ పెద్దామె చనిపోయి ఏడాది దాటింది. ఆ మాట ఒక్క ముక్కలో రాసి పంపొచ్చు. పంపితే ఏడుపు బొమ్మలు వస్తాయి, చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, మరుసటి రోజుకు అందరూ మరిచిపోతారు. అందుకే పంపలేదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఇంత పొడుగ్గా ఎప్పుడూ రాయలేదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించేశాను. అయినా ఆమె గురించి ఫోనులో రాయడం కంటే ఇక్కడ రాయడమే నయమనిపించింది.

మాది సత్యవేడు పక్కన పల్లె. పెళ్ళయి కాళహస్తికి వచ్చాను. మేమున్న వీధిలో సగం ఇళ్ళవాళ్ళు గుడ్డ పని చేసేవాళ్ళే. నన్ను కూడా ఒక మేస్త్రి షెడ్డులో రంగు నింపే పనికి చేర్చారు. మేస్త్రి బొమ్మ గీస్తాడు. ఆ గీతల లోపల మేము ఆడవాళ్ళం రంగు నింపుతాం. గుడ్డ పూర్తయ్యాక కింద మూలలో మేస్త్రి పేరు పడుతుంది. ఆ రోజుల్లో అది మాకు వింతగా అనిపించలేదు. దేశమ్మత్త ఆ షెడ్డులో అందరికంటే పాత మనిషి. బక్కగా ఉండేది, నోట్లో ఎప్పుడూ ఆకువక్క, కుడిచేతి గోళ్ళు కసిమి పట్టి నల్లగా ఉండేవి. మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక్కతే ఉండేది కాబట్టి అత్తా అని పిలవడం అలవాటైంది.

ఆమె నాకు నేర్పిన మొదటి పని పటిక పెట్టడం. గుడ్డ మీద ఎక్కడెక్కడ ఎరుపు రావాలో అక్కడ పటిక నీళ్ళు పూయాలి. తడిగా ఉన్నంతసేపే ఆ నీళ్ళు కనిపిస్తాయి. మా కాళహస్తి ఎండకు ఆవలించేలోపు ఆరిపోతాయి. ఆరాక గుడ్డ మీద ఏమీ కనపడదు. ఒక రోజు, వీలైతే రెండు రోజులు అలాగే వదిలేసి, పారే నీళ్ళలో ఉతికి, ఎర్రరంగు చెట్టు పట్ట వేసి ఉడకబెడితే, పటిక పెట్టినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. కొన్ని షెడ్లలో గుర్తు కోసం పటిక నీళ్ళలో కొంచెం రంగు కలుపుతారు. దేశమ్మత్త కలపనిచ్చేది కాదు. చేరిన నెలలోనే నేను శివుడి పెళ్ళి గుడ్డకు పటిక పెట్టాను. ఉడికించి తీస్తే పెళ్ళికూతురి కుడిచెయ్యి భుజం నుంచి గోళ్ళ దాకా తెల్లగా ఉంది. మేస్త్రి అరిచి వెళ్ళిపోయాడు. దేశమ్మత్త గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెండ్లికూతురు పిండి కలపతా కలపతా పీటల మీదికి లేసొచ్చినట్టుండాదే," అంది.

అందరూ నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది. "కొంచెం రంగు కలిపుంటే తెలిసేది కద అత్తా," అన్నాను.

"కలిపితే కన్ను సూసుకుంటాది. చెయ్యి గమ్మున నిద్రపోతాది. యాడ పెట్టినావో చెయ్యి గుర్తుపెట్టుకోవాల మే," అంది. ఆ తర్వాత వారమంతా నాకు పటిక పని తప్ప ఇంకో పని ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఒళ్ళు మండేది. బాగుందని ఒక్కనాడు అనదు. తప్పు చూపిస్తుంది, లేకపోతే ఆకు నములుతూ పక్కకు తిరుగుతుంది. అంతే.

ఆమెకు ఒక సొంత గుడ్డ ఉందని నాకు రెండేళ్ళ తర్వాతగానీ తెలియలేదు. షెడ్డుకు సెలవు ఉన్న ఒక మధ్యాహ్నం మజ్జిగ అడిగి తెచ్చుకుందామని ఆమె ఇంటికి వెళ్ళాను. చాప మీద ఒక గుడ్డ పరుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి చుట్టబోయి, మళ్ళీ ఏమనుకుందో ఆగిపోయింది. ఆ గుడ్డ మీద దేవుళ్ళు లేరు. ఒక బస్సు ఉంది, కిటికీల నిండా మొహాలు, ఒక్కో మొహానికి ఒక్కో ముక్కు. బస్సు కంటే పెద్ద కోడిపుంజు ఉంది. బోరింగు దగ్గర ఒక ఆడమనిషి ఉంది, ఆమెకు మూడు చేతులు. ఒక చెయ్యి బోరింగు కొడుతోంది, ఒక చెయ్యి బిందె పట్టుకుంది, మూడో చెయ్యి చంకలో బిడ్డను పట్టుకుంది. నేను చాలాసేపు చూశాను. మూడు చేతులు లేకపోతే ఆ పని ఎలా అవుతుంది అనిపించింది.

"ఇది ఎవురి ఆర్డరు అత్తా?" అని అడిగాను.

"ఎవురిదీ కాదు. నాది."

"అమ్మేయవా మరి?"

"అమ్మేదానికి కాదు మే. దినమంతా ఒకరు గీసిన గీతలో రంగు నింపుతానే, నా చెయ్యి గీత మరిసిపోకుండా ఇది పెట్టుకున్నా. ఏడేండ్లయింది."

ఆ రోజు నుంచి సెలవు మధ్యాహ్నాల్లో నేను కూడా ఆమె పక్కన కూర్చునేదాన్ని. తువ్వాలంత గుడ్డముక్క ఒకటి నాకు ఇచ్చింది. ఒక్కటే నియమం పెట్టింది. ఆమె గుడ్డను నేను బాగుందని అనకూడదు, బాగలేదని అనకూడదు. నా గుడ్డ గురించి ఆమె కూడా ఏమీ అనదు. మొదట్లో ఆ మౌనం నాకు పిచ్చెక్కించేది. గీత గీసి, ఆమె మొహం వైపు చూసేదాన్ని. ఆమె తన కోడిపుంజు తోక చూసుకుంటూ ఉండేది. కొన్ని నెలలకు నేను చూడటం మానేశాను. అప్పుడే నాకు గీత వచ్చింది. కలం అంటే వెదురు పుల్ల, దానికి ఉన్ని చుట్టి దారం కట్టి ఉంటుంది. ఆ ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ ఆగకుండా లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ కసిమి ముద్ద కట్టి మచ్చ పడుతుంది. ఎవరి మొహమూ చూడకుండా ఉంటేనే ఆగకుండా లాగగలమని ఆ చాప మీద నేర్చుకున్నాను. తర్వాత మేస్త్రి నాకు కూడా బొమ్మ గీసే పని ఇచ్చాడంటే అది ఆ మధ్యాహ్నాల వల్లే.

కరోనా వచ్చి అంతా మూతపడింది. ఎగ్జిబిషన్లు లేవు, షెడ్డు లేదు. మా ఆయన ఆటో వాకిట్లోనే ఆగిపోయింది. ఆయన ఎక్కడి నుంచో పాత ఫోను ఒకటి తెచ్చాడు. ఊరికే ఉండలేక నేను దుపట్టా మీద తామర తీగ గీస్తుండగా ఆయన వీడియో తీసి పెట్టాడు. నెల తిరిగేసరికి హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి మాకూ కావాలని అడగడం మొదలుపెట్టారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ ఫోను మా ఇంటికి అన్నం పెట్టింది. ఈ రోజుకూ పెడుతోంది. దాన్ని తిట్టి నేను ఇప్పుడు పెద్దమనిషిని అయిపోలేను. తప్పు చేసింది ఫోను కాదు, నేను. ఒక మధ్యాహ్నం దేశమ్మత్త తన గుడ్డ మీద కోడిపుంజు మెడకు ఈకలు గీస్తోంది. చెయ్యి ఎంత హాయిగా పోతోందో చూసి, అడగకుండా ఫోను ఎత్తి తీశాను. ఇంటికొచ్చి పెట్టేశాను.

రెండు రోజుల్లో ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. నా తామర తీగలన్నీ కలిపినా అంతమంది చూడలేదు. ఆమెకు తెలిస్తే ఇక ఆ చాప మీద కూర్చోనివ్వదు. దాచి లాభం లేదని వెళ్ళి తలవంచుకుని చెప్పాను. తిడుతుందని చూస్తున్నాను. ఆమె ఆకుకు సున్నం రాస్తూ ఆగింది.

"ఏమన్నారు?" అని అడిగింది.

"ఎవురు అత్తా?"

"ఆ సూసినోళ్ళు."

నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. సూపర్ అన్నారు, చాలా బాగుంది అమ్మా అన్నారు, దేవుడు ఇచ్చిన చెయ్యి అన్నారు. ఇంగ్లీషులో ఉన్నవి నాకు రాక వదిలేశాను. ఎర్ర గుండె బొమ్మలు చాలా ఉన్నాయని చెప్పాను.

"గుండెకాయలు యాల పంపిస్తారు మే? వాళ్ళకు అక్కర్లేదా?" అంది. నేను నవ్వాను గానీ ఆమె నవ్వలేదు. "ఇంగేమన్నారు?"

"ఈ అమ్మ పేరేంది అని ఒకామె అడిగింది."

దేశమ్మత్త ఆకు నోటి దాకా తెచ్చి ఆపింది. చేతిలో ఆకు అలాగే ఉంది. "నలభై ఏండ్లు రంగు నింపినా," అంది చివరికి. "ఒకరన్నా నా పేరు అడగలే." ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూశాక నేను చేసింది తప్పని ఎవరైనా చెప్పినా వినేదాన్ని కాదు. పేరు రాసి పెట్టాను. దేశమ్మ, కాళహస్తి.

అక్కడి నుంచి మొదలైంది నా తలనొప్పి. పొద్దున నేను పొయ్యి వెలిగించేలోపు వాకిట్లో నిలబడేది. "ఏమన్నారు ఈపొద్దు?" అన్నం వార్చేటప్పుడు వచ్చేది. "ఇంగేమన్నా అన్నారా?" ఏమీ అనలేదంటే ఆమె మొహం వాడిపోయేది. మొహం వాడకూడదని నేను ఇంకో వీడియో తీసేదాన్ని. తీసేటప్పుడు నాకు కూడా పెద్దరికం వచ్చేసింది. ఆగత్తా, చెయ్యి నీడ పడతాండాది. మల్ల గీయి, ముందు గీసింది రాలేదు. ఇట్లా తిరుగు, అనేదాన్ని. కలం మధ్యలో ఆపమని ఆమెకు నేను చెప్పడం ఏమిటి అని ఒక్కసారి కూడా అనిపించలేదు. పదేళ్ళుగా మచ్చ లేని ఆ గుడ్డ మీద, నేను ఆపినచోటల్లా ఒక నల్ల ముద్ద పడింది. పైగా ఆమె గీయడం ముగించగానే బాగుందత్తా అనేదాన్ని. ఆమె ఇప్పుడు ఆ మాట కోసం తలెత్తి చూసేది.

ఎవరో నెమలి గీయండమ్మా అని రాశారు. ఆమె నెమలి గీసింది. నెమలికి గుండెకాయలు బాగా వచ్చాయి. అంతే, బస్సు మీద ఒక నెమలి, బోరింగు పక్కన ఒక నెమలి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నెమలి. ఆమె జీవితంలో ఎన్ని నెమళ్ళను చూసిందో నాకు తెలియదు. కోళ్ళను మాత్రం రోజూ చూసేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి బోరింగు దగ్గర ఆడమనిషికి మూడో చెయ్యి లేదు. కసిమి గీత చెరిగేది కాదు కాబట్టి దాని మీదే ఆకులు, కొమ్మలు గీసి చెట్టులాగా చేసేసింది. చంకలో బిడ్డ ఏ ఆధారమూ లేకుండా గాలిలో ఉంది.

"ఎందుకత్తా దాన్ని అట్ల జేసినావు?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"మూడు చేతులేంది, తప్పు గీసింది అన్నారంట కద."

"ఎవురో అన్నారని మార్చేస్తావా? వాళ్ళెవురు నీకు?"

"నాకేం తెలుసు ఎవురో. నువ్వే కద సదివింది," అంది.

నిజానికి ఆ మాట రాసినవాడి కింద ఇంకెవరో చాలామంది ఈ బొమ్మ మాకు అర్థమైంది, మా అమ్మ ఇలాగే ఉండేది అని రాశారు. నేను అది కూడా చదివి వినిపించాను. ఆమె చెవిలో మాత్రం తప్పు అన్న ఒక్క మాటే ఉండిపోయింది. ఇంటికి వచ్చి మా ఆయన మీద అరిచాను. ఫోను తెచ్చింది నువ్వే అన్నాను. ఆయన, గీసుకునేది మీరు, చదువుకునేది మీరు, తిట్లు నాకా అని ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో నా తువ్వాలంత గుడ్డ ఎక్కడుందో కూడా నేను వెతుక్కోలేదు. వీడియోలో పడని పని పనే కాదన్నట్టు తయారయ్యాను.

నల్లగీత అంతా అయిపోయింది, ఇక ఎరుపు పెట్టాలి. పదేళ్ళ గుడ్డకు ఎరుపు. ఆమె పటిక పెడుతుంటే వీడియో తీసి పెట్టాను. చూసేవాళ్ళకు ఏం కనపడుతుంది, ఒక ముసలామె గుడ్డ మీద నీళ్ళు పూస్తోంది, అవి ఆరిపోతున్నాయి. ఏమీ లేదే అన్నారు. నీళ్ళు పూసి డబ్బులు గుంజుతారు అని ఒకడు రాశాడు. నేను అది చదవకుండా ఉండాల్సింది. చదివాను. దేశమ్మత్త మొహం ఎర్రబడింది.

"సాయంత్రమే ఉడకేస్తాం. ఎరుపు సూపిస్తాం. నీళ్ళో కాదో సూడమను."

పటిక ఒక రోజన్నా ఆరాలి. మిగులు పటిక పోయేలా పారే నీళ్ళలో ఉతకాలి. ఈ రెండూ నాకు నేర్పింది ఆమే. పెళ్ళికూతురి చెయ్యి తెల్లబడ్డప్పుడు వారం రోజులు నన్ను కూర్చోబెట్టి నేర్పింది ఆమే. ఆగత్తా, రేపు వేద్దాం అని ఒక్క మాట నేను అనొచ్చు. అనలేదు. ఎందుకంటే అప్పటికే నేను ఫోనులో రాసేశాను. ఈ సాయంత్రం నాలుగు గంటలకు ఎరుపు వస్తుంది, అందరూ చూడండి అని. స్వర్ణముఖి ఏట్లో నీళ్ళు లేవు, కాలువ దాకా వెళ్ళే టైము లేదు. వాకిట్లో తొట్టిలో ముంచి తీశాం. ఇత్తడి అండాలో నీళ్ళు మరుగుతున్నాయి. ఫోను స్టాండు మీద పెట్టి అందరూ చూస్తుండగా గుడ్డ వేశాం. కర్రతో తిప్పుతుంటే ఎరుపు వచ్చింది. వచ్చి ఆగలేదు. గీతలు దాటి పారింది. కోడిపుంజు సగం గులాబీ, సగం బురద రంగు అయింది. బస్సు కిటికీల్లో మొహాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆమె గుడ్డను బయటికి తీసి, విప్పి, కొంచెంసేపు పట్టుకుని నిలబడింది. తర్వాత వాకిట్లో తాడు మీద వేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను పరుగెత్తి ఫోను ఆపాను.

చీకటిపడే ముందు వచ్చి అడిగింది. "ఏమన్నారు?"

"నెట్టు రాలేదత్తా. ఏమీ పోలేదు," అని అబద్ధం చెప్పాను.

"సరే," అంది. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఆమె కలం ముట్టలేదు. షెడ్డు తెరిచాక రంగు నింపే పనికి వచ్చేది, ఇంటికి పోయేది, అంతే. ఫోను గురించి అడగలేదు. నేను పాలలో కరక్కాయ పొడి కలిపి, గుడ్డ నానబెట్టి, ఎండబెట్టి, నా చేతులతో తయారుచేసిన కొత్త గుడ్డను తీసుకెళ్ళి ఇచ్చాను. ఫోను తేనత్తా, ఒట్టు, నువ్వు గీసుకో అన్నాను. గుడ్డ తీసుకుని మూలన పెట్టింది. వారానికొకసారి వెళ్ళి చూసేదాన్ని. అది అక్కడే ఉండేది. నాకు ఎంత చిరాకు వచ్చిందంటే, ఒకరోజు గట్టిగానే అడిగేశాను. "ఒక్క గుడ్డ పాడయిందని కలం పారేస్తారా? నాకు నువ్వు చెప్పిన బుద్ధులన్నీ ఏమైపోయినాయి?"

"గుడ్డ పోతే పోనీ మే. నాకు దాని బాధ లేదు," అంది. "కూర్చుంటే చెయ్యి అడుగుతాది. ఇది గీస్తే ఏమంటారు, అది గీస్తే ఏమంటారు అని. ముందర అది ఏమీ అడిగేది కాదు. గమ్మున పోయేది. ఇప్పుడు దాని నోరు మూయించలేకుండా ఉండా."

నా చెయ్యి కూడా అడగడం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఏ రంగు ఎక్కువ చూస్తారు, ఎంత పెద్దగా గీస్తే ఫోనులో పడుతుంది అని. తేడా ఏమిటంటే నేను దానికి జవాబు చెప్పేదాన్ని. అది తప్పని కూడా తెలియలేదు. ఆమెకు తెలిసింది, అందుకే ఆగిపోయింది. పదేళ్ళ మధ్యాహ్నాలు ఆమెవి. అవి ఇక తిరిగి రావేమో, వాటిని నేనే పోగొట్టానేమో అని ఆ వీధిలో నడిచిన ప్రతిసారీ అనిపించేది.

చలికాలం పోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూశాను. చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా నేనిచ్చిన గుడ్డ. పక్కన గిన్నె. కలం పోతోంది, ఆగకుండా, పాత రోజుల్లో పోయినట్టు. నేను దగ్గరకు వెళ్ళి చూశాను. గుడ్డ మీద ఏమీ లేదు. గిన్నెలో ఉన్నది కసిమి కాదు, పటిక నీళ్ళు. నల్లగీతే లేకుండా ఉత్త పటికతో గీస్తోంది. గీసిన తడి ఒక్క క్షణం మెరిసి పోతోంది.

"ఏం గీస్తాండావత్తా?"

"సూడు."

"ఏమీ కనపడలే."

"నాకూ కనపడదు. నిన్న గీసింది ఈపొద్దు నేనే సూడలేను." ఆమె ఆకు రసం పక్కకు ఉమ్మి, చాలా నెలల తర్వాత నవ్వింది. "పోయి ఫోను తేపో మే. ఈడియో తియ్యి. గుండెకాయలు ఎన్ని పంపిస్తారో సూస్తాం."

"మరి చెయ్యి ఏమన్నా అడుగుతాందా?"

"మొదట్లో అడిగింది. ఏముండాది సూపించేదానికి? అడిగి అడిగి మానేసింది."

నేను ఆ రోజు ఏడ్చానని చెప్పడానికి సిగ్గుపడను. ఇంటికి వెళ్ళి బియ్యం డ్రమ్ము వెనక, మూటల కింద వెతికి నా తువ్వాలంత గుడ్డ పట్టుకొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ ఎండాకాలం దాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఎప్పుడు ఉడకేస్తావు అని మాత్రం నా నోరు ఊరుకోక రెండు మూడు సార్లు అడిగాను. "నీకేం తొందర, అన్నం ఉడికిందా ఇంట్లో?" అనేది. ఎండలు ముదిరాక జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు లేదు.

తడ నుంచి ఆమె చెల్లెలి కొడుకు వచ్చి ఇల్లు ఖాళీ చేశాడు. మంచి మనిషి. గిన్నెలు, మంచం లారీలో వేసి, చివరికి ఒక గుడ్డ చుట్ట తీసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. "అక్కా, ఇది ఏమీ గీయని గుడ్డ. ఊరికే పడుండాది. నీ పనికి వస్తాదేమో పెట్టుకో," అన్నాడు. నేను రెండు చేతులతో తీసుకున్నాను. ఏం చెబితే నమ్ముతాడు?

ఇక్కడ నా మీద నాకు అసహ్యం వేసిన మాట ఒకటి రాయాలి. ఆ గుడ్డ చేతికి వచ్చిన రోజే, ఆమె పోయి పట్టుమని పది రోజులు కాకముందే, నా బుర్రలోకి మొదట వచ్చింది ఏమిటంటే, దీన్ని ఫోను ముందు ఉడికిస్తే ఎంతమంది చూస్తారో అని. ఏమీ లేని గుడ్డలో నుంచి, పోయిన మనిషి గీసిన బొమ్మ ఎర్రగా పైకి వస్తుంది. జనం ఏడుస్తారు. ఆ వీడియో ఎలా మొదలుపెట్టాలో కూడా ఆలోచించేశాను. గుడ్డను ట్రంకు పెట్టెలో అడుగున వేసి, పైన చలికాలం దుప్పట్లు పెట్టి మూత వేశాను. ఏడాదిపాటు తీయలేదు. నా చెయ్యిని కాదు, నా బుద్ధిని నేను నమ్మలేదు.

పోయిన నెలలో ఒక బుధవారం మా ఆయనను ఫోను తీసుకుని ఆటోకు వెళ్ళిపొమ్మన్నాను. "ఎవురన్నా అడిగితే ఏం చెప్పాల?" అన్నాడు. "బట్టలు ఉతుక్కుంటాందని చెప్పు," అన్నాను. అది నిజమే. కాలువ దాకా నడిచివెళ్ళి, పారే నీళ్ళలో ఆ గుడ్డను గంటసేపు ఆడించాను. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, పెరట్లో అండా ఎక్కించి, పట్ట వేసి ఉడికించాను. తొందరపడలేదు. ఎరుపు మెల్లగా వచ్చింది. గీత ఎక్కడ మొదలైందో అక్కడి నుంచే వచ్చింది, ఒక్క చుక్క కూడా బయటికి పారలేదు. బయట ఆరేయకుండా ఇంట్లోనే దండెం కట్టి ఆరేశాను. సాయంత్రం దాకా దాని ముందు కూర్చున్నాను. ఆకలి కూడా గుర్తుకు రాలేదు.

ఆ గుడ్డ మీద ఏముందో ఇక్కడ రాయాలని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ కొట్టేశాను. ఇంతదూరం చదివినవాళ్ళకు కోపం రావచ్చు. నాకే వస్తోంది, అంత బొమ్మను చూసి ఒక్కరికి కూడా చెప్పుకోలేకపోవడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలిసింది. మా ఆయన కూడా చూడలేదు. అడిగి అడిగి, మీ ఇద్దరిదీ ఒకే మొండితనం అని ఊరుకున్నాడు. ఆమెకు తన పేరు ఎవరైనా అడగాలని ఉండేది, అందుకని ఆమె పేరు ఇన్నిసార్లు రాశాను. బొమ్మ ఎవరికీ చూపించాలని లేదు, అందుకని అది రాయను. ఈ రెండింటినీ కలిపేయడమే నేను చేసిన తప్పు. చెన్నై ఆమెకు ఇంకా జవాబు పెట్టలేదు. పెడితే దేశమ్మ చనిపోయింది అని మాత్రం పెడతాను. గుడ్డ నా దగ్గర ఉంది. ఎర్రగా ఉంది. అంతవరకు చెప్పగలను.